సంతకం మాత్రం సీసం

మగవాడు పోతే విగ్రహమవుతాడు, ఆడది పోతే దెయ్యమవుతుంది. ఆ మ్యూజియంలో రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. కింద గుమ్మం పక్కన, ఒకప్పుడు ఆ ఇంట్లో బొమ్మలేసిన పెద్దాయన కంచు విగ్రహం. మేడమీద చివరి గదిలో ఆయన భార్య దెయ్యం.

ఆ గదికి చెడ్డపేరు ఈనాటిది కాదు. దీపాలార్పాక అక్కడ నూనెరంగుల వాసన వస్తుందంటారు. కుర్చీ జరిగిన చప్పుడు వినపడుతుందంటారు. ఇంకా... నోరు తెరవకుండా ఎవరో ముక్కుతోనే బరువుగా ఊపిరి తీస్తున్నట్టుంటుందంటారు.

ఆ ఊపిరి విని ఒక కాపలావాడు ఉద్యోగం మానేశాడు. రెండోవాడూ మానేశాడు. మూడోవాడు మానలేదు గానీ, రాత్రంతా మెట్ల కింద కుర్చీలో గుర్రుపెట్టి, పొద్దున్నే పుస్తకంలో "పైన అంతా చూశాను, క్షేమం" అని రాసి సంతకం పెట్టేవాడు. వాడి దొంగ సంతకాలు బయటపడ్డాక, రాత్రి కాపలా ఒక ఆడమనిషికి ఇచ్చారు. ధైర్యవంతురాలని కాదు, కాదనే వీలు లేనిదని.

"దెయ్యం దగ్గరికి ఆడదాన్ని పంపితే భయమేముంది, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు" అన్నాట్ట, మానేసిన వాళ్ళలో ఒకడు.

ఆ మహానుభావుడి నోటిమాట ఊరికే పోలేదు.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు. మా పిన్ని కూతురు చెప్పింది. దానికి అతిశయోక్తి చేతకాదు. బయట వాన పడుతోందా అంటే "కిటికీ వైపు పడుతోంది, వెనకవైపు చూడలేదు" అనే రకం. కాబట్టి నమ్మొచ్చు.

దాని పని పాత చిత్రాల్ని మిషనుతో పరీక్ష చెయ్యడం. పసుపు రంగు పెట్టెలో ఆ మిషను మోసుకుని ఊరూరా తిరుగుతుంది. పోర్టబుల్ ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ అని ఏదో బారెడు పేరుంది. మా ఇంట్లో మాత్రం హెయిర్ డ్రయ్యర్ అంటాం, అచ్చం అలాగే ఉంటుంది కనక. ఒక పిడి, ఒక మీట, ముందుకో మూతి. ఆ మూతిని చిత్రానికి తగలకుండా, గోరంత దూరంలో పెట్టి మీట నొక్కాలి. కంటికి కనబడని కిరణాలు వెళ్ళి రంగుని తడతాయి. రంగులో ఏ లోహముంటే అది తన గుర్తుతో తను బదులు పలుకుతుంది. సీసం సీసంలాగే పలుకుతుంది, జింకు జింకులాగే. పైపూత కింద దాక్కున్నది కూడా చాలాసార్లు పలుకుతుంది. చిత్రాన్ని గీకక్కర్లేదు, ముక్క కొయ్యక్కర్లేదు. ఒక్కోచోట నిమిషంసేపు చెయ్యి కదపకుండా పట్టుకుంటే చాలు.

"చాలు" అన్నది నేను. అంత బరువుని రాత్రంతా నిమిషానికో చోట కదలకుండా పట్టుకుంటే భుజం ఏమవుతుందో దాన్నడిగితే తెలుస్తుంది.

ఆ మిషనులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. గీసినవాడు ఎంత గొప్పవాడో దానికి తెలియదు. గీసింది మగవాడో ఆడదో కూడా తెలియదు. ఉన్న లోహం పేరు చెప్పి నోరు మూసుకుంటుంది. కళావిమర్శకుల్లో ఈ గుణమున్నవాడు నాకింతవరకూ తగల్లేదు.

ఇక పెద్దాయన సంగతి. చిత్రకళ నేర్చుకునే వాళ్ళకోసం ఆయనొక పుస్తకం రాశాడు. అందులో ఒక వాక్యం శిష్యులందరికీ కంఠతా వచ్చు: "సీసపు తెలుపు పట్టలేనివాడు చిత్రకారుడే కాడు, జింకు తెలుపు ఆడవాళ్ళ మొహాలకి పౌడరుగా పనికొస్తుంది." కుంచె మొన పెదాలతో తీర్చేవాడట. సీసమనే విషాన్ని రోజూ కాస్త కాస్త నాకడమన్నమాట. దానికీ శైలి అని పేరు పెట్టారు.

ఆయన ఆఖరి పదేళ్ళలో వేసినవి పన్నెండు చిత్రాలు. అవన్నీ ఆ చివరి గదిలోనే ఉన్నాయి. వాటి మీద వచ్చినన్ని వ్యాసాలు మిగతా వాటిమీద రాలేదు. "పెద్దాయన చేతిలోని పరుషత్వం కరిగి మార్దవం వచ్చింది" అన్నారు. కింద సంతకం వంకర టింకరగా ఉంటే, "హద్దులు తెంచుకున్న స్వేచ్ఛ" అన్నారు.

మూడేళ్ళ కిందట ఇద్దరు పెద్దమనుషులు ఇలాంటి మిషనే పట్టుకుని వచ్చి ఆ పన్నెండూ పరీక్ష చేశారు. ఒక్కో చిత్రంలో ఒక్కచోటే పెట్టారు మూతి. ఎక్కడంటారు? సంతకం మీద. సీసం పలికింది. ఇంకేం, పెద్దాయన రంగే, పెద్దాయన చెయ్యే అని కాగితం రాసిచ్చి, టీ తాగి వెళ్ళిపోయారు. ఒక మనిషి ఎవరో తెలుసుకోడానికి మొహం చూడకుండా మెళ్ళో వేలాడే గుర్తింపు కార్డు చూసి వెళ్ళినట్టు.

ఈసారి ఒక పెద్ద ప్రదర్శనవాళ్ళు ఆ పన్నెండూ తీసుకెళ్ళి చూపిస్తామన్నారు. ఆ కాగితం సరిపోదు, నిండుగా పరీక్ష చేయించండి అన్నారు. మ్యూజియం నడిపేది పెద్దాయన మనవడు. అరవై దాటినవాడు. మా చెల్లెల్ని పిలిపించాడు.

"చూడమ్మా, పాతదే కాస్త పొడుగ్గా రాసివ్వు. పొద్దున తొమ్మిదికి వాళ్ళొస్తున్నారు."

"చూశాక రాస్తాను సార్."

"చూసేశారుగా మూడేళ్ళ కిందట."

"సంతకం చూశారు సార్. చిత్రం చూడలేదు."

ఆయన నవ్వాడట. అదే, తండ్రులూ ఆఫీసర్లూ నవ్వే నవ్వు. "వచ్చే ఏడాదికి మీ కాంట్రాక్టు మీద కూడా సంతకమే చూస్తారమ్మా. నాది."

అలా వచ్చిందది ఆ ఇంటికి. పొద్దున తొమ్మిదికల్లా కాగితం ఇవ్వాలి. ఆయన అడిగింది రాస్తే ఉద్యోగం ఉంటుంది. మిషను చెప్పింది రాస్తే... మిషను ఏం చెప్తుందో ఇంకా తెలియదు.

మిషను మీద ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ చుట్టుపక్కల జనం ఉండకూడదు. అందుకని చూసేవాళ్ళందర్నీ పంపేసి, తలుపులేశాకే పని మొదలు. కాపలా ఆవిడ తాళాలు తీసుకుని వెంట వచ్చింది. నలభై దాటిన మనిషి. నడక నెమ్మది, నోరు వాడి.

"ఆ గదిలో ఒక్కదానివే ఉంటావా అమ్మాయీ?"

"మిషనుందిగా అక్కా."

"దెయ్యం ఉంటే చెప్తుందా అది?"

"లోహమైతే చెప్తుంది."

"అయితే మా ఆయన్ని కూడా ఓసారి చూడాలి. లోపలేముందో పాతికేళ్ళుగా అంతుపట్టలేదు."

మొదటి చిత్రం. మొహం మీది తెలుపు — జింకు. ఆకాశం — జింకు. గోడ — జింకు. సీసం లేదు.

మా చెల్లెలు మిషను తప్పనుకుంది. అదే దాని అలవాటు, ముందు తన చేతిని అనుమానిస్తుంది. పెట్టెలోంచి తెలిసిన లోహపు బిళ్ళ తీసి పరీక్ష చేసింది. మిషను సరిగ్గానే ఉంది. మళ్ళీ మొదలుపెట్టింది.

రెండో చిత్రం జింకు. మూడోది జింకు. ఏడోది... పదకొండోది... అంతా జింకే. ఏ పౌడరుని పెద్దాయన అసహ్యించుకున్నాడో అదే, అంగుళం అంగుళం.

ఒక్కచోట తప్ప. కింద కుడివైపు మూల. సంతకం మాత్రం సీసం.

గడియారం పదకొండు దాటింది. ఇక మిగిలింది పన్నెండోది, గది చివర గోడకి. అందులో పెద్దాయన పెద్ద కుర్చీలో కూర్చుని ఉంటాడు. రెండు చేతులూ శాలువా కింద ఉంటాయి. వెనకంతా నల్లటి తెర. ఉత్త నలుపు.

మా చెల్లెలు ఆ శాలువాని చాలాసేపు చూసిందట. ఏళ్ళతరబడి సీసం కడుపులోకి పోతే మణికట్టు వాలిపోతుంది. చెయ్యి లేస్తుంది గానీ పంజా లేవదు. అలాంటి చేతిని దాచడానికి శాలువా కంటే మర్యాదైనది లేదు.

మూతి తీసుకెళ్ళి నల్లతెర మీద పెట్టింది. నలుపులో తెలుపు ఉండకూడదు. నిమిషం గడిచింది.

జింకు. గట్టిగా పలికింది.

బెత్తెడు పక్కకి జరిపింది. ఏమీ లేదు. పైకి జరిపింది — జింకు.

నలుపు కింద ఏదో ఉంది.

చిత్రం పక్కనే మడత స్టాండు మీద, చిత్రమంత కొలతకి నల్ల అట్ట ఒకటి నిలబెట్టింది. జింకు పలికిన చోటల్లా అట్ట మీద సరిగ్గా అదే చోట తెల్ల పెన్సిల్‌తో చుక్క. గట్టిగా పలికితే పెద్ద చుక్క, మెల్లిగా పలికితే చిన్నది. కింది నుంచి పైకి, వరస తర్వాత వరస. ఎర్రదీపం వెలగడం... ఆరడం... వెలగడం... ఆరడం...

మొదట పాదాల దగ్గర బట్ట అంచు తేలింది. తర్వాత మోకాలు. నడుము. వంచిన మోచెయ్యి. పిడికిలి, పిడికిట్లో సన్నగా ఏదో పుల్ల. భుజాలు.

పెద్దాయన కుర్చీ వెనక ఎవరో నిలబడి ఉన్నారు. ఎన్నేళ్ళుగానో.

మెడ దాకా వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. తెచ్చిన ఇంకోటి ముందే అయిపోయింది, మళ్ళీ ఛార్జింగ్ ఎక్కాలంటే తెల్లారుతుంది. అదే సమయానికి గదిలో దీపాలు వాటంతటవే ఆరిపోయాయి. పన్నెండున్నరకి ఆరేటట్టు పెట్టారట.

ఆ చీకట్లోనే కాపలా ఆవిడ టీ ఫ్లాస్కుతో వచ్చింది. ఇద్దరూ మూలన నేలమీద కూలబడ్డారు. ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది.

"అక్కా, ఈ దెయ్యాన్ని అసలు చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మొదట చూసింది మా అమ్మమ్మే. ఈ ఇంట్లో వంట చేసేది."

"ఏం చూసింది?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఓ రాత్రి చంటిబిడ్డ ఏడుస్తోందని లేచిందట. పైన వెలుతురు. మెట్లెక్కి ఈ తలుపు సందులోంచి చూసింది. జుట్టు విరబోసుకుని ఒక ఆడది. ఒళ్ళంతా తెల్లటి మరకలు. నోట్లో ఎముక అడ్డంగా కరిచి పట్టుకుని... ముక్కుతో ఊపిరి తీస్తోంది. మా అమ్మమ్మ మెట్లమీంచి దొర్లుకుంటూ వచ్చి పడింది."

"తర్వాత?"

"పొద్దున పెద్దాయనతో చెప్పింది. ఆయన, 'అవును, అది దెయ్యమే. రాత్రిళ్ళు పైకి ఎవరూ రాకండి' అన్నాడట. ఆయనన్నాక ఇంకేముంది, ఊరంతా పాకింది."

మా చెల్లెలు లెక్కల మనిషి. "ఆ చంటిబిడ్డ ఎవరు?" అనడిగింది.

"మా అమ్మ."

"మరి పెద్దాయన భార్య ఎప్పుడు పోయింది?"

"నేను బళ్ళో చదివేటప్పుడు. మొగుడు పోయాక చాలా ఏళ్ళు బతికిందిగా."

మా చెల్లెలు చీకట్లోనే వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.

"అంటే అక్కా... మీ అమ్మమ్మ దెయ్యాన్ని చూసేటప్పటికి—"

"బతికే ఉంది." ఆవిడ టీ మూత నేలమీద పెట్టింది. "మా అమ్మమ్మ అదే చెప్పేది. ఆ పొద్దున పెద్దాయన దెయ్యం దెయ్యం అంటుంటే, ఆ దెయ్యమే పక్కన నిలబడి 'పాలు పొంగుతున్నాయి, చూడు' అందట. గోళ్ళ సందుల్లో ఇంకా తెలుపు ఉంది. మా అమ్మమ్మ చూసి నోరు మూసుకుంది. వంటమనిషి మాట ఎవరికి కావాలి?"

అప్పుడు వినపడింది.

ఊపిరి.

బరువుగా... ముక్కుతో... ఆగి ఆగి.

మా చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యీ చల్లగానే ఉంది. ఊపిరి దగ్గరికొస్తోంది. గదిలోంచి కాదు — మెట్ల వైపునుంచి. ఒక్కో మెట్టూ... ఒక్కో ఊపిరీ...

తలుపు తెరుచుకుంది. సెల్‌ఫోన్ వెలుతురు. దాని వెనక మనవడు గారు, రొప్పుతూ. కాగితం ఎంతవరకూ వచ్చిందో చూసుకోడానికి వచ్చాడు. నిద్రపట్టలేదు కాబోలు.

వీళ్ళిద్దరూ మూలన చీకట్లో ఉన్నారు. పిలుద్దామని మా చెల్లెలు నోరు తెరిచింది. అంతలో ఆయన చేతిలో వెలుతురు నల్ల అట్ట మీద పడింది.

ఆయన ఆగిపోయాడు.

చుక్కలు మెరుస్తున్నాయి. బట్ట అంచు, నడుము, వంచిన మోచెయ్యి, పిడికిలి, భుజాలు. మెడ. మెడ మీద ఉత్త నలుపు.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదంటుంది మా చెల్లెలు. అరవై దాటిన మనిషి గొంతులోంచి అయిదేళ్ళ పిల్లాడి గొంతు వచ్చిందట, గుసగుసగా.

"నేనెవరికీ చెప్పలేదు... నానమ్మా."

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నోట్లోంచి కుంచె తియ్యి నానమ్మా. నాకు భయమేస్తోంది."

ఫోను కింద పడింది. మెట్లమీద అడుగుల చప్పుడు, పట్టుతప్పిన చప్పుడు, మళ్ళీ అడుగులు.

కాపలా ఆవిడ నిదానంగా లేచి, ఫోను తీసుకుని కిందికి వెళ్ళింది. ఆయన విగ్రహం దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు. ముందు మంచినీళ్ళిచ్చింది. తర్వాత పుస్తకం ఇచ్చింది. ఆ మ్యూజియంలో ఒక నియమం ఉంది. రాత్రిపూట మేడమీదికి ఎవరు వెళ్ళినా, ఏం చూశారో వేళతో సహా రాసి సంతకం పెట్టాలి. మెట్ల కింద గుర్రుపెట్టే కాపలావాడు దొరికిపోయిన నాడు, పేజీలకి నంబర్లు వేయించి మరీ ఆయన పెట్టించిన నియమమే.

"పైకి వెళ్ళారు కదా సార్. రాయాలి."

మనిషి ఇంకా తేరుకోలేదు. రాశాడు.

"పన్నెండు నలభై. చివరి గది. నల్లతెర ముందు ఆవిడ నిలబడి ఉంది. కుడిచేతిలో కుంచె. పళ్ళ మధ్య ఇంకొకటి." కింద సంతకం, చాలా అందంగా.

పొద్దున ఎనిమిదింటికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చాడు. రాత్రి పిల్లాడు మళ్ళీ పెద్దమనిషైపోయాడు.

"ఆ పేజీ చింపెయ్. వెలుతురు సరిగ్గా లేక ఏదో భ్రమపడ్డాను."

"పేజీలకి నంబర్లున్నాయి సార్" అంది కాపలా ఆవిడ. "మీరే వేయించారు."

ఆయన మా చెల్లెలి వైపు తిరిగాడు. అది అప్పటికే కాగితం రాసేసింది. అరపేజీ కూడా లేదు. పన్నెండు చిత్రాల్లో తెలుపంతా జింకు. సంతకాలు మాత్రం సీసం. పన్నెండో చిత్రంలో నలుపు కింద నిలబడిన మనిషి ఆకారం, మెడవరకూ పరీక్షించబడింది. వెనక ఒక కాగితం జతచేసింది: కాపలా పుస్తకంలో ఆ పేజీ నకలు.

"ఎవరో ఆడమనిషి వేసిందని రాస్తావా నువ్వు? మా తాతగారి చిత్రాల్ని?"

"లేదు సార్. నేను రాసింది లోహాల గురించే. ఆడమనిషి గురించి రాసింది మీరు."

"కాంట్రాక్టు సంగతి గుర్తుందిగా."

"గుర్తుంది సార్."

తొమ్మిదికి ప్రదర్శనవాళ్ళొచ్చారు. కాగితం చదివారు. జతచేసింది రెండుసార్లు చదివారు.

కాంట్రాక్టు పోయింది. ఆ పని ఇప్పుడు మూడేళ్ళ కిందట వచ్చిన ఇద్దరు పెద్దమనుషులకే ఇచ్చారు. సంతకాలు చూడ్డంలో వాళ్ళకున్న అనుభవం మా చెల్లెలికి లేదు కదా.

మూడు నెలల తర్వాత ప్రదర్శనవాళ్ళే పెద్ద మిషను తెప్పించారు. చిత్రాన్నంతా వరస తప్పకుండా చూసి, కిందున్న దాన్ని బొమ్మగా తీసే రకం. ఆ బొమ్మ మా చెల్లెలికీ ఒకటి పంపారు. నేనూ చూశాను. పెద్దాయన వెనక ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుండొచ్చు. జుట్టు ముడి జారిపోయింది. తిన్నగా మనకేసే చూస్తోంది, పని మధ్యలో ఎవరో తలుపు తీస్తే చూసినట్టు. కుడిచేతిలో కుంచె. పళ్ళ మధ్య అడ్డంగా ఇంకో కుంచె.

వంటమనిషి చూసిన ఎముక అదే. ముక్కుతోనే ఊపిరి తీసింది అందుకే. నోటినిండా పనిముట్లు పెట్టుకున్న మనిషి ఇంకెలా తీస్తుంది?

ఆ నలుపు పూసింది ఎవరో మిషను చెప్పలేదు. నేనూ చెప్పను. అయిదేళ్ళ పిల్లాడు ఆ రహస్యాన్ని అరవై ఏళ్ళు దాచి, దాని మీదే మ్యూజియం నడిపాడు. దెయ్యమంటే నాకు భయం లేదు గానీ, ఇలాంటి బుద్ధిమంతులంటే ఉంది.

మొన్న మా చెల్లెలు కాపలా ఆవిడకి ఫోన్ చేసింది. ఇప్పుడా గదిలో దెయ్యం లేదని అందరికీ తెలిసిపోయింది కదా, హాయిగా ఉందా అనడిగింది.

"హాయిగానే ఉంది."

"ఊపిరి వినపడ్డం మానేసిందిగా?"



"ఎందుకు మానేస్తుంది అమ్మాయీ? రోజూ వినపడుతూనే ఉంది."

"...మరి భయం లేదూ?"

"భయం దేనికి? పని చేసుకుంటోంది. తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తాను."